ఎర్రలైటు వెలగని బండ్లు

కాలిన లారీని గొలుసుతో లాక్కుంటూ క్రేన్ లారీల సర్వీస్ సెంటర్ గేటు దాటేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. పొద్దున ఎనిమిది నుంచి కౌంటర్ దగ్గర నిలబడే ఉన్న అల్ఫియా అప్పుడే కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీసింది. బగారా అన్నం అడుగున ఉడకబెట్టిన గుడ్డు దాచి ఉంది. పెళ్లై నాలుగు నెలలు. రోజూ డబ్బాలో ఏదో ఒకటి దాచకపోతే భర్త అతీఖ్‌కు తోచదు. నిన్న ఖర్జూరం, మొన్న పల్లీపట్టీ. వెతుక్కోవడంలోనే ఆమెకు సగం కడుపు నిండిపోయేది. ఇవాళ గుడ్డు దొరికిన క్షణంలోనే కిటికీలోంచి బెల్లం మాడినట్టు తియ్యని వాసన వచ్చింది. దాని వెనకాలే కాలిన రబ్బరు వాసన.

మూత పెట్టేసి, బండి వివరాలు రాసుకునే జాబ్ కార్డు తీసుకుని బయటికి నడిచింది.

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద ఉంది ఆ సర్వీస్ సెంటర్. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆ చుట్టుపక్కల చెరుకు చాలావరకు దూరపు ఫ్యాక్టరీలకు, సరిహద్దు అవతలికి పోతోంది. నరికిన చెరుకు ఎండితే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే డబ్బు తగ్గుతుంది. అందుకని ఈ కాలమంతా లారీలకు పరుగే.

వచ్చింది పది చక్రాల బండి. కొని పది నెలలు. క్యాబిన్ కింద అంతా నల్లబారింది. డ్రైవర్ ముత్తన్న క్రేన్‌లోంచి మెల్లగా దిగాడు. నవీపేట్ మనిషి, యాభై దాటాయి. కుడిచేతికి తడి తువ్వాల చుట్టుకుని ఉన్నాడు.

"ఏమైంది ముత్తన్నా?"

"సాలూర చెక్‌పోస్ట్ దాటినంక, బిడ్డా. ఫట్టుమని సప్పుడైంది. నూనె చిమ్మింది. పొగగొట్టం అప్పటికే నిప్పులెక్క ఉన్నది, చెరుకాకు అంటుకుంది. తాగే నీళ్లు పోసిన, సాలలే. తువ్వాల తడిపి కొట్టి కొట్టి ఆర్పిన."

"ఎర్రలైటు రాలేదా? ఇంజన్ వేడెక్కితే బండే జోరు తగ్గించుకోవాలె గదా."

"రాలే. రెండు నెలల సంది ఏ లైటూ వస్తలేదు. పానం మంచిగైందనుకున్న దానికి."

మందుపెట్టెలోని మలాము తెచ్చి ఆమె అతని చేతి తువ్వాల విప్పింది. అరచేయి తోలు దాంతోనే లేచి వచ్చింది. మెల్లగా మలాము రాసింది. ముత్తన్న మొహం తిప్పుకుని, "నీ గోర్ల కొసలకు గోరింటాకు ఇంకా పోలే. కొత్త పెండ్లా?" అని అడిగాడు. ఆమె తలూపుతూ మలాము మూత బిగించింది.

మెకానిక్ ల్యాప్‌టాప్ తగిలించి చూశాడు. యూరియా ట్యాంకు నిండుగా ఉందని బండి కంప్యూటర్ చెబుతోంది. మూత తీస్తే ట్యాంకు ఎండిపోయి, అడుగున తెల్లటి గడ్డలు. స్టీరింగు వెనక రేకు విప్పితే అగ్గిపెట్టెంత నల్ల డబ్బా బయటపడింది. ఫోటో తీయడానికి అల్ఫియా వంగింది. డబ్బా తీగలకు బట్ట టేపు రెండు చుట్లు, చివర ఆకుపచ్చ ప్లాస్టిక్ పట్టీ, దాని కొస ఎవరికీ గీసుకోకుండా లోపలికి మడిచి ఉంది.

ఆమె చేతిలో ఫోను ఆగిపోయింది. ఇంట్లో మిక్సీ వైరు తెగితే అతీఖ్ అలాగే కట్టాడు, "నీ చెయ్యి గీసుకుంటది" అంటూ కొస మడిచి. ఆ వారమంతా చట్నీ రుబ్బినప్పుడల్లా ఆమె ఆ పట్టీని చూసి మురిసిపోయింది. నిజామాబాద్‌లో అతీఖ్ లాంటి బండ్ల ఎలక్ట్రీషియన్లు చాలామంది ఉన్నారు. కొస లోపలికి మడిచేవాణ్ని ఆమె ఒక్కణ్నే ఎరుగును.

జరిగింది ఏమిటో విడమరిచి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొగ తగ్గడానికి ఈ కొత్త లారీల్లో యూరియా ద్రవం పోయాలి. లీటరు అరవై రూపాయలు. యజమాని బాపురావు సేఠ్ అది దండగనుకుని, పొలానికి వేసే యూరియా బస్తా తెప్పించి, బోరునీళ్లలో కలిపి పోయించేవాడు. బస్తా మూడు వందల లోపే. గొట్టాలు గడ్డకట్టాయి, ఎర్రలైటు వెలిగింది, బండి జోరు దానంతటదే తగ్గింది. కడిగించడానికి రెండు రోజులు బండి నిలబెట్టాలి. సేఠ్ నిలబెట్టలేదు. అంతా బాగుందని కంప్యూటర్‌ను నమ్మించే ఈ డబ్బా పెట్టించాడు. ఆ చేత్తోనే ఇంజన్ జోరు కూడా పెంచించాడు. పద్దెనిమిది టన్నులు మోయాల్సిన బండి ఇరవై ఏడు మోసింది. వేడెక్కినా చెప్పే నోరు దానికి లేకుండా పోయింది.

ఇలాంటి మార్పు చేస్తే వారంటీ చెల్లదని వారంటీ పుస్తకంలోనే ఉంది. ఆ పేజీని అల్ఫియా రోజుకు ఇద్దరికైనా చదివి వినిపిస్తుంది. ఇంజన్‌కు గాలి తోసే టర్బో పగిలి, ఇంజన్ పట్టేసిన ఈ బండికి మరమ్మతు అంచనా మూడు లక్షల నలభై వేలు.

మేనేజర్ సాయికుమార్ ఆమెను అద్దాల గదిలోకి పిలిచాడు. బాపురావు సేఠ్ అక్కడే ఉన్నాడు, చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ.

"అల్ఫియా, సేఠ్ మనకు ఎనిమిది కొత్త బండ్లు ఆర్డర్ ఇస్తున్నరు," అన్నాడు మేనేజర్. "యజమానికి తెల్వకుండ డ్రైవరే డబ్బా పెట్టుకున్నడని రాస్తే కంపెనీ సగం ఖర్చన్న భరిస్తది. కాగితం తయారుంది. ముత్తన్నతోని వేలిముద్ర పెట్టియ్యి."

కాగితం ఇంగ్లీషులో ఉంది.

"ఆయన చెయ్యి కాలింది సార్."

"కుడి చెయ్యి గదా కాలింది," అన్నాడు సేఠ్. "కాగితానికి ఎడమ ఏలు సాలు. బేటీ, గిది కొత్తదేం గాదు. యాక్సిడెంటైతే కేసు డ్రైవర్ మీదేసుకుంటడు, మేం బయటికి తెస్తం. మా లైన్ల తాతలనాటి రివాజు. గిది గూడ గసొంటిదే."

బిస్కెట్ నోట్లో వేసుకుని, నమిలి, చాయ్ తాగి అప్పుడు అన్నాడు. "మీ ఆయన మంచి పనిమంతుడు. దుకాణం ఇప్పుడిప్పుడే నడుస్తున్నది. గాయన పేరు గిండ్ల ఎందుకు రావాలె, చెప్పు."

అల్ఫియా కాగితం ఆఖరి వరుస దాకా చదివింది. కాగితం, ఇంకు ప్యాడ్ తీసుకుని బయటికొచ్చింది.

ముత్తన్న బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలో ఇంకు ప్యాడ్ చూడగానే ఎడమ బొటనవేలు అంగీకి తుడుచుకుని ముందుకు చాపాడు. "ఏడ పెట్టాలె, బిడ్డా?"

ఒక్క క్షణం పని. వేలు పట్టుకుని ఒత్తితే చాలు. అతీఖ్ పేరు ఎక్కడా రాదు, సాయంత్రం ఎప్పట్లాగే స్కూటర్ వెనక కూర్చుని, అతని పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని ఇంటికి పోవచ్చు. దారిలో మిర్చీ బజ్జీలు.

"ముందు చదువుతా, ఇను," అంది. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. డబ్బా నువ్వే పెట్టించుకున్నవంట. సేఠ్‌కు తెల్వదంట. కంపెనీ ఇయ్యంగ మిగిలిన సగం, లక్షా డెబ్బై వేలు, నీ జీతంల పట్టుకుంటరంట.

"జీతం పదహారు వేలు," అన్నాడు ముత్తన్న, ఆమెకు తెలియదేమో అన్నట్టు.

"నెలకు ఎనిమిది పట్టుకుంటే రెండేండ్లకు దగ్గర."

"కొలువు ఇడిసి పోదామంటే అసలు లైసెన్సు సేఠ్ బీరువల ఉన్నది. అందరివీ గాడనే." కాలిన చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. "డబ్బా పెట్టిన నాడు నేను బండిల్నే పండుకున్న, బిడ్డా. సేఠ్ నిలవడి చేయించిండు. చేసిన పోరడు మంచోడు. నన్ను లేపి చాయ్ పోయించిండు."

అల్ఫియా ఇంకు ప్యాడ్ బెంచీ మీద పెట్టేసింది.

ముత్తన్న ఎడమచెయ్యి వెనక్కి తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. "యాక్సిడెంట్ కేసులు రెండు మీదేసుకున్న. ఒకదాన్ల బండి నడిపింది గూడ నేను గాదు. గిది మాత్రం నేను మీదేసుకోను. పోయి చెప్పు."

ఆమె అద్దాల గదికి పోలేదు. తన బల్ల దగ్గర కూర్చుని కంపెనీకి పంపే ఫారం కంప్యూటర్‌లో తెరిచింది. మార్పు ఎవరు చేయించారు అన్న గడిలో బాపురావు పేరు రాసింది. ఎవరు చేశారు అన్న గడి ఖాళీగా ఉంది. ఫోన్ తీసింది.

"గుడ్డు దొరికిందా?" అన్నాడు అతీఖ్. ఇంట్లో వాళ్లు మాట్లాడేది ఉర్దూ. లారీల సంగతీ లెక్కల సంగతీ వస్తే ఇద్దరూ తెలుగులోకి దిగుతారు.

"బాపురావు సేఠ్ బండ్లకు ఎన్ని డబ్బాలు పెట్టినవ్?"

అవతల స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు.

"పది. ఒక్కోదానికి రెండు వేల అయిదొందలిచ్చిండు. వాషింగ్ మిషన్ గట్లనే వచ్చింది, అల్ఫియా."

"వేడి లైటు బందైతదని నీకు తెలుసా?"

"పొగే గదా అనుకున్న. సగం తెలుసు. మిగతా సగం అడుగలే."

"ముత్తన్న చెయ్యి కాలింది. చాయ్ పోయించినవంట ఆయనకు."

అవతల దుకాణంలో రేడియో ఆగిపోయింది.

"ఫారంల నీ పేరు రాస్తున్న."

"రాస్తే దుకాణం పోతది. నీ నౌకరీ పోతది. సేఠ్‌ను ఎరుగవు నువ్వు."

"ఇప్పుడే చూసిన."

అల్ఫియా ఖాళీ గడి మీద కర్సర్ పెట్టింది. అవతల అతీఖ్ లెక్కల పుస్తకం తిరగేశాడు. "రాయ్. నా పేరొక్కటే గాదు. తొమ్మిది బండ్లు రోడ్డు మీదున్నయి. నంబర్లు చెప్తా, గవి గూడ రాయ్. బండ్లు ఆపుమని దుకాణం ఫోన్‌తోని డ్రైవర్లకు చేస్తున్న."

చెప్పసాగాడు. ఆమె టైపు చేయసాగింది. మొదటి బండి బోధన్‌లో లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర ఉందట, ఆపమన్నాడు. రెండోది ఖాళీ. మూడో డ్రైవర్ నమ్మలేదు, తిట్టాడు, తర్వాత నిలిపాడు. నాలుగు, అయిదు, ఆరు. అద్దాల గదిలో బాపురావు సేఠ్ కప్పు పక్కన పెట్టి లేచాడు. సాయికుమార్ తలుపు తీస్తున్నాడు.

"ఏడోది?" అంది అల్ఫియా, తల ఎత్తకుండా.

"లోడు మీదున్నది. సాలూర దారే." ఫోనులో, ఇంకో ఫోను రింగవుతున్న చప్పుడు ఆమెకు సన్నగా వినిపిస్తోంది. "రింగైతున్నది. ఎత్తుతలేడు."