ఎక్కిన గుర్తులు

నార్కట్‌పల్లికి రెండు కోసుల దూరంలోని ఆ ఊళ్లో బావినీళ్లే మనుషులను వంచేవి. నలభై దాటకముందే నడుము బిగుసుకునేది, మోకాళ్లు మొరాయించేవి. సైదమ్మకైతే ముప్పై ఎనిమిదో ఏటనే కాళ్లు ముడుచుకుపోయాయి. అప్పటినుంచి అరచేతులు నేలకు ఆనించి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే జరుగుతూ పోయేది. ఎంత దూరమైనా పోయేది. గడప అడ్డమొస్తే మాత్రం ఆగిపోయేది.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో చెరువు కట్ట ఎత్తు పెంచారు. పల్లంలోని కూలివాడ మునకలోకి వస్తుందని గుట్ట పక్కన ఇరవై ఇళ్లు మంజూరు చేశారు. వాటిలో ఒకటి సైదమ్మ పేర వచ్చింది. ఇరవైకీ ఒకటే నక్షా. నడుమెత్తు పునాది, నాలుగు మెట్లు, దర్వాజాకు జానెడు ఎత్తు రాతి గడప.

గోడలు లేస్తున్నప్పుడు సైదమ్మ జరుగుతూ వచ్చి, ఇళ్లు కట్టే సుతారి మారయ్య ముందు ఆగింది.

"మారన్నా, నా ఇంటికి మెట్లొద్దు. ఏటవాలుగ కట్టు. కడప గూడ వద్దు."

"కడప లేంది ఇల్లెట్లయితది చెల్లె? పసుపు యాడ రాస్తవు?"

"నా మోకాళ్లకు రాసుకుంట తియ్యి."

కూలీలు పకపకా నవ్వారు. మారయ్య నవ్వలేదు. "కడప లేకుంటె ఏదన్న లోపటికొస్తది," అన్నాడు మెల్లగా.

"ముందుగాల నేను రావాలె గద."

పని చూడవచ్చిన ఓవర్సీరు నక్షా విప్పి చూపించాడు. అందులో ఏటవాలు లేదన్నాడు.

"గది గీసినాయనకు మోకాళ్లు వంగుతయి గద సారూ," అంది సైదమ్మ. "మా అత్త జంగమ్మకు వంగలే. ఎత్తి లోపటేసెటోళ్లు లేక ఎనిమిదేండ్లు పశువుల కొట్టంల పండింది. గాడనే పానం ఇడిసింది. వాడల ఇంకెందరో గట్లనే పోయిండ్రు. నన్ను గూడ కొట్టంలనే పండుమంటవా?"

ఆయన నక్షా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "బాట మీదికి రాకుండా కట్టుకోండి. నేను చూడలేదు," అని సైకిలెక్కాడు.

మారయ్య ముందు మన్ను పోసి చూశాడు. మొదటిది నిటారై, సైదమ్మ సగం దాకా వచ్చి వెనక్కి జారింది. ఇంకా పొడుగు చేస్తే బాటకు అడ్డం. రెండు రోజులు తల గోక్కుని, ఏటవాలును గోడ వెంబడి మళ్లించాడు. పన్నెండు మూరలు వచ్చింది. సైదమ్మ ఒక్కతే ఎక్కి దర్వాజా చెక్క పట్టుకుని, చాలాసేపు లోపలికి చూసింది. అప్పటికింకా పైకప్పు కూడా వేయలేదు.

శ్రావణంలో చెరువు నిండి నీళ్లు పాత వాడలోకి, జంగమ్మ పోయిన కొట్టంలోకి వచ్చాయి. ఆ వారమే ఒకరోజు ఎండ కాస్తే మారయ్య ఏటవాలు మీద సున్నపు గచ్చు పూశాడు. మేకలు తొక్కకుండా చుట్టూ కంప అడ్డంపెట్టి సద్ది తినడానికి పోయాడు. తిరిగొచ్చేసరికి పచ్చి గచ్చు మీద అరచేతుల అచ్చులు. రెండు చేతుల నడుమ, మనిషి ఈడ్చుకుంటూ పోయినట్టు నున్నటి చార. కింది నుంచి దర్వాజా దాకా ఎక్కిన గుర్తులున్నాయి. దిగిన గుర్తులు లేవు. లోపల చూస్తే ఎవరూ లేరు. కంప కదలలేదు. సైదమ్మ ఆ పూట పాత వాడలో కోడలు పుల్లమ్మతో కలిసి సామాను మూటలు కడుతోంది.

మారయ్య తాపీతో చదును చేశాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం మళ్లీ అచ్చులు. ఈసారి కదిలించకుండా సైదమ్మను పిలిపించాడు. ఆమె ఒక అచ్చు మీదికి వంగి వేళ్లు లెక్కపెట్టింది. నాలుగే ఉన్నాయి.

"మా అత్తకు చిటికెనేలు లేదు. కొడవలికి తెగింది," అంది.

మూడోనాడు మారయ్య, సైదమ్మ కొడుకు ఐలేశం ఎదురుగా కూర్చుని కాపలా కాశారు. మాడు పగిలే ఎండ. గాలి లేదు. ఉన్నట్టుండి కింది కొసన ఇంకా ఆరని గచ్చు మెల్లగా కుంగింది. ఒక అరచెయ్యి. కాస్త ఆగి, ఆయాసం తీర్చుకున్నంత సేపటికి, ఇంకొకటి. వాటి వెనక ఇంకో జత, పెద్ద చేతులు. వాటి వెనక సన్నటివి. ఎండలో ఎవరి నీడా లేదు.

సంగతి విన్న పుల్లమ్మ ఆ ఇంట్లో పొయ్యి ముట్టించనంది. ఐలేశం తల్లి దగ్గర కూలబడ్డాడు.

"అమ్మా, కడప పెట్టిద్దమే. నేనే రోజు ఎత్తుకొని లోపటికి తెస్త గద."

"మీ బాపు గూడ వాళ్లమ్మకు గిట్లనే జెప్పిండు బిడ్డా. అబద్ధం జెప్పలే. పొద్దున కూలికి పోతె మాపటికి గాని రాకపోయేటోడు. నడుమ వానొస్తె ముసల్ది తడిసేది."

అయినా ఐలేశం పోయి మారయ్యకు గడప రాయి చెక్కమని చెప్పాడు. పాలు పొంగించే రోజున మారయ్య ఆ రాయితో సిద్ధంగా ఉన్నాడు. పుల్లమ్మ పాలగురిగి పట్టుకుని దూరంగా నిలబడింది. వాడంతా పోగైంది.

రాయి దించేలోపే సైదమ్మ కదిలింది. ఎండిన అచ్చుల మీద చేతులు ఆనించి, ఆగి, మళ్లీ జరిగి, ఆగి, పన్నెండు మూరలూ ఎక్కింది. ఎవరూ సాయం పోలేదు, ఆపనూ లేదు. దర్వాజా దగ్గర ఆమె ఖాళీ ఇంట్లోకి చూసి విసుక్కుంది.

"అత్తా, జర జరుగు. దర్వాజల్నే కూసుంటె నేనెట్ల రావాలె?"

లోపల నేల మీద చీర ఈడ్చిన చప్పుడు, దర్వాజా నుంచి గోడ దాకా. బయట ఉన్నవాళ్లంతా విన్నారు. దాని వెంట ఇంకో చప్పుడు. ఆ వెనక మరొకటి. సైదమ్మ లోపలికి పోయి గోడకు చేరగిలబడింది.

"అమ్మా, బయటికి రాయే!" ఐలేశం కింది నుంచే కేకేశాడు.

"రాను. ఎవలు ఎత్తకుంట వచ్చిన, సూసినవా? మారన్నా, రాయి తీస్కపో. ఈడ దాని పని లేదు."

మారయ్య ఆ రాయి మీదనే కూలబడి తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. పుల్లమ్మ పాలగురిగి వంక చూసింది, మొగుడి వంక చూసింది. తర్వాత చీరకొంగు నడుముకు దోపి, ఏటవాలు కింది కొస దాకా వచ్చింది. అచ్చులను తొక్కకుండా పక్కగా కాలు పెట్టింది.

"అత్తా, ఇస్తరాకులు ఎన్నెయ్యాలె?"

లోపల కాసేపు గుసగుస వినిపించింది. అందులో సైదమ్మ గొంతు ఒకటే కాదు.

"ఆగు పుల్లమ్మా," అంది సైదమ్మ, "అడుగుతున్న."