మీట దగ్గర మనిషి

కూరగాయలు కడిగే బేసిను మళ్ళీ మాయమైంది. వెతకాల్సిన పని లేదు, షెడ్డులో కిరసనాయిలు నింపుకుని, తుప్పు పట్టిన బోల్టులకి స్నానం చేయిస్తూ ఉంటుంది. ఆ ఇంట్లో పాత దుప్పట్లూ, పళ్ళు తోముకునే బ్రష్షులూ, ఒకసారి ఇల్లాలి దువ్వెనా కూడా ఆ దారినే పోయాయి. ఎందుకని అడిగితే భర్త "నీకు అర్థం కాదులే" అంటాడు. కుళాయి కారుతోందంటే ప్లంబర్‌ని పిలవమంటాడు. తాతలనాటి కారుకి ప్రాణం పోసిన చేత్తో వాషరు మార్చడం తలవంపులు మరి.

మూతపడ్డ మిల్లు వెనక, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న కారది. దాన్ని ఇంటికి ఈడ్చుకొచ్చిన రోజున అత్తగారు, "దీన్నే ముందు తెచ్చుకునుంటే నాకు నీ పెళ్ళి చేసే బాధ తప్పేది కదరా" అంది. అందరూ నవ్వారు. కోడలు కోళ్ళ రెట్ట కడిగింది.

ఆ కారు స్టార్టవ్వాలంటే ఎదురుగా నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పాలి. అది తిరుగుతున్నంతసేపూ స్టీరింగు కింద ఉన్న చిన్న మీటని ఎవరో ఒకరు లోపల కూర్చుని వెనక్కి లాగి పట్టుకోవాలి. అరిగిపోయిన మీట, తనంతట నిలవదు. జారిందా, హ్యాండిల్ గాడిదలా ఎదురుతన్ని మణికట్టు విరగ్గొడుతుంది. ఇంజిన్ అందుకున్నాక మీటని మెల్లగా ముందుకి వదలాలి. ఎంత మెల్లగా అన్నది ఏ పుస్తకంలోనూ లేదు, ఆమె చెవికి తెలుసు. పాతకార్ల క్లబ్బులో ఒకాయన మణికట్టు విరిగింది, ఇంకొకాయన వేళ్ళు నలిగాయి. ఈయనకి మాత్రం గోరు కూడా చిట్లలేదు. "మీ చెయ్యి మంచిది సార్" అన్నారు క్లబ్బువాళ్ళు. ఆయన తన చెయ్యి చూసుకుని ఒప్పుకున్నాడు.

ప్రతి ఆదివారం ఆ కాసేపూ ఆమె స్టీరింగు ముందు కూర్చునేది. ఇంజిన్ వణుకు అరిచేతుల్లోంచి భుజాలదాకా పాకేది. అంతలో ఆయన హ్యాండిల్ పక్కన పెట్టి వచ్చి "ఊఁ, జరుగు" అనేవాడు. జరిగేది. తర్వాత అత్తగారు ముందుసీట్లోకి వస్తే, క్యారేజీ పట్టుకుని వెనక్కి పోయేది. ఒక్కసారి మాత్రం, నేను తోలనా అని అడిగింది. "ఇది మిక్సీ కాదు తల్లీ" అన్నాడు. తల్లీకొడుకులు నవ్వితే వాళ్ళతోపాటు తనూ నవ్వింది.

పోయిన నెల ఆయన ఆ కారుకి స్టార్టు చేసే మోటారు బిగించాడు. ఇక తాళం తిప్పితే చాలు, హ్యాండిలూ అక్కర్లేదు, మీటా అక్కర్లేదు. పాతదనం పాడుచేశారని క్లబ్బువాళ్ళు సణిగితే, మా ఆవిడ కోసం చేశానన్నాడు. "ఇక నువ్వు షెడ్డుకి రానక్కర్లేదు. హాయిగా ఇంట్లో పని చూసుకో" అని ఆమెకి చెప్పాడు. ఎంత అదృష్టవంతురాలివి అని క్లబ్బు ఆడవాళ్ళన్నారు. అవునంది.

కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. ప్రేమగా చేసిన పని మీద కోపం రాదు, నీరసం వస్తుంది. గిన్నెలు తోముతూ లెక్కలేనన్ని ఆదివారాలు గుర్తు చేసుకుంది. అన్ని ఆదివారాలూ ఆయన బయట ఉన్నాడు, తను లోపల ఉంది, ఇంజిన్ నడుస్తూ ఉంది. ఎవరూ చెయ్యి పట్టుకుని లాగలేదు. జరగమంటే జరిగింది, అంతే. జరగకుండా కూర్చుంటే ఏమయ్యేది? మహా అయితే అత్తగారు ఇంకో జోకు వేసేది. ఆ జోకుకి భయపడి ఇన్నేళ్ళు పక్కకి జరిగానా అనుకుంటే, సబ్బు నురగలో చేతులు అలాగే ఆగిపోయాయి. పైగా ఆ మిక్సీ మాటకి తనెందుకు నవ్వినట్టు? వాళ్ళ నవ్వు ఎప్పుడో మర్చిపోయింది. తన నవ్వే గుచ్చుకుంటోంది.

ఈ ఆదివారం క్లబ్బు కార్లన్నీ ఊరేగింపుగా వెళ్ళాలి. ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె స్టీరింగు ముందు కూర్చుని ఉంది.

"ఇంకా అలవాటు పోలేదా? జరుగు."

"జరగను."

"ఏంటే?"

"జరగనండీ."

అత్తగారు గుమ్మంలోంచి, "ఎండెక్కుతోంది, దిగవే. అదేం చోద్యం" అంది. ఆమె తాళం తిప్పింది. ఇంజిన్ అందుకుంది.

ఇప్పుడు పరిస్థితి ఇదీ. గేటు తీసే ఉంది. ఆమె కాళ్ళ కింద మూడు పెడళ్ళున్నాయి, ఏది ఏమిటో ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఆయన, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కారు ముందుకొచ్చి నిలబడ్డాడు. చదువుతున్న అమ్మలూ అయ్యలూ, మీలో ఎవరికైనా పాతకారు తోలడం వస్తే కాస్త త్వరగా చెప్పండి, మీకు పుణ్యముంటుంది. ముందు బ్రేకు సంగతి చెప్పండి, మనిషి ఎదురుగానే ఉన్నాడు. దిగమని మాత్రం చెప్పకండి. ఆ మాట చెప్పడానికి ఇంట్లోవాళ్ళు చాలు.