ఏడో నంబరు మిషను మూత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అందరితోనూ చెబుతుంటాడు. ఆ కోపంతోనే పాత ఇనుము కొట్టు నడిపించుకొస్తున్నాను కాబట్టి చెప్పడమే తప్ప తగ్గించుకోమనడు. మూతపడిన నూలు మిల్లులోని మిషన్లన్నీ కొంటారా అని కబురొచ్చినప్పుడు అమ్మకీ నాన్నకీ చెప్పకుండా ఒప్పేసుకున్నాను. అమ్మ కుడిచేయి మోచేతి దాకా ఆ మిల్లులోనే పోయింది. ఆ చేయి తీసుకున్న మిషను నా చేతుల మీదుగా ముక్కలు కావాలని నాకు ఎప్పటినుంచో కసి.

అమ్మ చేయి ఎలా పోయిందో మా చుట్టాలందరికీ తెలుసు. దూది ఏకే మిషనుకి పక్కన పళ్ళచక్రాలుంటాయి, వాటి మీద ఇనప మూత. దూది ఇరుక్కుంటే మిషను ఆపకుండా, మూత ఊడదీసి చేయి పెట్టిందట. విచారణలో అలాగే తేలింది. సాక్ష్యం చెప్పింది ఎవరో కాదు, మా నాన్న. ఆయన ఆ మిల్లులోనే ఫిట్టరు. "ఆ పొద్దున్నే నా చేత్తో కొత్త మూత బిగించాను" అన్నాడు. ఇంకేం, తప్పు అమ్మదే అయింది, మిల్లువాళ్ళు చేతులు దులుపుకున్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. వంటింట్లో గిన్నె మీది మూత కింద పడితే చాలు, "మళ్ళీ తీశావా మహాతల్లీ" అని హాల్లోంచి నాన్న గొంతు వినిపించేది. నలుగురు వస్తే మరీ రెచ్చిపోయేవాడు. "మా ఆవిడకి మూత కనిపిస్తే చేయి ఊరుకోదు" అని ఆయన అనడం, వాళ్ళు పగలబడి నవ్వడం. నా పెళ్ళికి వచ్చిన మా అత్తగారి తరఫువాళ్ళకి కూడా ఇదే చెప్పి నవ్వించాడు. అమ్మ కూడా నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

మిల్లు తాళం తుప్పుపట్టి తాళంచెవికి లొంగలేదు. సమ్మెటతో ఒక్కటిచ్చాను. లోపల పైకప్పు రేకులు సగం ఎగిరిపోయాయి, వానకి తడిసిన దూది దుమ్ము మిషన్ల మీద నల్లటి అట్టలా పేరుకుపోయింది. మేనేజరు గదిలో గోడ మీది ఫోటో మాత్రం జాగ్రత్తగా పట్టుకుపోయారు, మేకు మిగిలింది. తాగేనీళ్ళ తొట్టి పైన పెద్ద అక్షరాలతో "ఇక్కడ నిలబడి మాట్లాడరాదు" అని రాసి ఉంది. నీళ్ళు తాగే ఆ కాసేపు కూడా ఓర్చుకోలేకపోయారు దుర్మార్గులు.

మేనేజరు గది పక్కనున్న మొదటి రెండు మిషన్లకి మూతలున్నాయి. ఒక్కో మూతకి నాలుగు బోల్టులు. మూడోదానికి లేదు. నాలుగోదానికీ లేదు. మనకంటే ముందే దొంగలు పడ్డారనుకుని ముందుకు నడిచాను. అమ్మ మిషను ఏడో నంబరు, కిటికీ పక్కది. దానికీ మూత లేదు. మసి కింద నంబరు కనిపిస్తుందేమోనని కిరసనాయిలు గుడ్డతో రుద్దుతుంటే నా చేయి ఆగిపోయింది.

మూతనైతే దొంగలు పట్టుకుపోవచ్చు. బోల్టు కన్నాలు ఎలా పట్టుకుపోతారు?

చక్రాల చుట్టూ వేళ్ళతో తడిమాను. ఎక్కడా కన్నం లేదు. పూడ్చిన గుర్తు కూడా లేదు. మిషను తయారైనప్పటి ఆకుపచ్చ రంగు గీత పడకుండా నున్నగా ఉంది. వెనక్కి వెళ్ళి ఆరు, ఐదు, నాలుగు, మూడు, అన్నీ రుద్ది చూశాను. ఒక్కదానికీ లేదు. పెద్దమనుషులు వచ్చి చూసిపోయే మేనేజరు గది పక్క రెండింటికి మూతలు, లోపల పనిచేసేవాళ్ళకి ఏమీ లేదు. ఏడో నంబరుకి ఏనాడూ మూత లేదు. నాన్న బిగించింది మూత కాదు, అబద్ధం.

నాతో వచ్చిన గ్యాసు కటింగు మేస్త్రీ నా మొహం చూసి కంగారుపడ్డాడు.

"ఇది పోత ఇనుమక్కా, గ్యాసుకి లొంగదు. మనవాళ్ళు పగలగొడతారులే, నువ్వు పక్కకి రా."

"నువ్వే పక్కకి పో" అన్నాను.

చక్రాలు ఊడదీయించి, ఆ పక్క భాగం చెడకుండా చుట్టూ సమ్మెటతో కొట్టాను. భుజాలు పడిపోయినా కొట్టాను. ఒక్కో దెబ్బకీ ఒక్కో చుట్టం నవ్వు గుర్తొచ్చింది. ఊడిన ముక్కని మేస్త్రీ, నేను కలిసి ఆటోలో వేసుకుని నేరుగా పుట్టింటికి తీసుకెళ్ళాం.

నాన్న భోజనానికి కూర్చున్నాడు. అమ్మ ఎడమచేత్తో వడ్డిస్తోంది. ముక్కని ఆయన కంచం ముందు దభీమని దింపాం. మేస్త్రీ మమ్మల్ని చూసి బయటికి వెళ్ళిపోయాడు.

"ఏమిటే ఈ తుక్కు? అన్నం తింటుంటే!" అన్నాడు నాన్న.

"ఏడో నంబరు. మీరు మూత ఎక్కడ బిగించారో చూపించండి నాన్నా."

ఆయన దాన్ని చూశాడు. ఎంతైనా ఫిట్టరు కదా, చూడగానే తెలిసిపోయింది. ముద్ద కంచంలోనే వదిలేశాడు.

అమ్మ గరిటె పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. ఎడమచేత్తో ఆ ఇనుమంతా తడిమింది, కింద నుంచి పైకి, మళ్ళీ పై నుంచి కిందకి.

"ఎక్కడా లేదే" అంది. "ఆ పొద్దున బిగించానని మీరంటే నిజమే కాబోలు, నాకే మతి చెడి తీసి ఉంటాననుకున్నాను. ఫిట్టరు చెప్పాక ఇంకేముందిలే అనుకున్నాను."

"లేకపోతే ఏం చెయ్యమంటావు?" నాన్న గొంతు పెంచాడు. "నిజం చెబితే నా ఉద్యోగం కూడా ఊడబెరికేవాళ్ళు. నీకు చేయి లేదు, దీనికి పాలు కావాలి. ముగ్గురం ఏం తినేవాళ్ళం?"

నేను నోరు తెరవబోయాను. అమ్మ నా వైపు చూడకుండానే ఆగమన్నట్టు చేయెత్తింది.

"సరే. అక్కడ ఉద్యోగం కోసం చెప్పారు. ఇంట్లో ఎవరి కోసం చెప్పారు?"

నాన్న కంచం పక్కకి జరిపాడు. "ఏదో సరదాకి అనేవాణ్ణి" అన్నాడు.

అమ్మ లేచింది. అన్నం గిన్నె మీద మూత పెట్టింది. కూర గిన్నె మీద మూత పెట్టింది. రెండూ ఆయన ముందుకి జరిపి, నా పక్కకి వచ్చి నిలబడింది.

"ఇవాళ్టి నుంచి మీ మూతలు మీరే తీసుకోండి" అంది.