చల్లమంట కింద పాలపన్ను

అన్నీ చచ్చిపోయాయి, కేన్సర్ కణాలే కాదు, పక్కనుంచిన ఆరోగ్యమైన మూలకణాలు కూడా, గిన్నె అడుగును కరుచుకుని ఉండాల్సినవి ముడుచుకుపోయి తేలుతున్నాయి, ఆమె కళ్లు నులుముకుని మైక్రోస్కోపులో మళ్లీ చూసింది, పొరపాటు తనదేనేమో, కాదు, కేన్సర్ కణాల్ని మాత్రమే చంపుతుందన్న అదే ప్లాస్మా యంత్రం, అదే ఊదారంగు మంట, అంతే సేపు, తేడా ఒక్కటే, తను రెండు గిన్నెల్లోనూ పోషక ద్రవం పలచని పొరగా పోసింది, ఒంటిలోపల పుండు మీద ఉండే తడిలా, ల్యాబు నడిపే పెద్దసారేమో తన పరీక్షలో కేన్సర్ కణాలకు పలచగా, మూలకణాలకు గిన్నె నిండా పోశాడు, మంటలోని ఘాటంతా ఆ ద్రవమే మింగేస్తే కిందివి బతక్క ఏం చేస్తాయి, దానికి సురక్షితం అని పేరు, ఆ మాట నమ్మే కదా తన తమ్ముడు కేన్సర్ గడ్డ లేచిన దవడ అప్పగించాడు.

చల్లమంట, ల్యాబులో ఆయనకు చాటున పెట్టిన పేరు, ఎవరొచ్చినా మంటలో వేలు పెట్టి చూపిస్తాడు మరి, చూడమ్మా, ఎంత చల్లగా ఉందో, మీ తమ్ముడికి దోమ కుట్టినట్టు కూడా ఉండదు అన్నాడు, నిజమే, నొప్పి లేదు, గడ్డ పోయింది, గడ్డ కోసి మంట పెట్టిన చోట ఎముక మాత్రం ఇన్ని నెలలైనా అతకలేదు, అతికించాల్సిన మూలకణాలూ ఇలాగే చచ్చి ఉంటాయి, అక్కా, మళ్లీ పాలు తాగే వయసుకొచ్చానే అని స్ట్రా పట్టుకుని నవ్వబోతాడు, దవడ కదలదు, నవ్వు సగంలోనే చచ్చిపోతుంది, సోమవారం ఆ యంత్రం పిల్లల వార్డుకు పోతోంది, గిన్నెలు చూపించి నిలదీస్తే నీ చెయ్యి వణికిందమ్మా అంటాడు, ఊహూ, ఆయన నోటితోనే కక్కించాలి, ఎక్కడ పట్టుకుంటే ప్రాణం విలవిల్లాడుతుందో తనకు తెలుసు.

ఈ ల్యాబులో ఎవరి పిల్లల పాలపన్నూ పారెయ్యరు, దాని గుజ్జులోంచే మూలకణాలు పెంచుతారు, మొట్టమొదటి పన్ను పెద్దసారు కూతురిది, ఆ పిల్ల జ్వరంతో పోయింది, కణాలు మిగిలాయి, రోజూ పొద్దున్నే ఆ కణాల గిన్నె పట్టుకుని లేచావా బంగారూ అంటాడు, ఇవాళ అదే గిన్నెను మంట గొట్టం కింద పెట్టింది, పిల్లల వార్డు డాక్టరుకు ఫోన్ కలిపి స్పీకర్లో ఉంచింది, స్విచ్ మీద వేలు వేసింది, ఏమ్మా, పొద్దున్నే ఏం వండుతున్నావు అంటూ వచ్చాడు, మీ బంగారాన్నే సార్ అంది.

గిన్నె చూశాడు, ద్రవం పలచగా ఉండటం చూశాడు, నవ్వు ఆరిపోయింది, ఆగాగు, ముందు నిండా పొయ్యి అన్నాడు, ఎందుకు సార్, సురక్షితమేగా, ఆయన ఉరికొచ్చి అరచేత్తో గిన్నెను మూసేశాడు, అందరికీ మంటలో వేలు పెట్టి చూపించే చెయ్యే అది, ఎంత తియ్యగా ఉంది ఆ కంగారు చూస్తుంటే, అంతలోనే ఆ తీపి చేదైంది, తెలియక చేశాడేమోనని ఇంతసేపూ ఒక మూల చిన్న ఆశ ఉండింది, తెలియనివాడు గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టడు, తెలిసే పోశాడు, తెలిసే తమ్ముణ్ణి ఆ మంట కింద పడుకోబెట్టాడు.

వేలు తియ్యమ్మా, చెబుతాను అన్నాడు ఆయన, డాక్టరుగారూ మీరూ వినండి, మొదటిసారి మూలకణాలకు నేనూ పలచగానే పోశాను, అన్నీ చచ్చాయి, ఎవరికీ చెప్పకుండా మళ్లీ నిండా పోసి అదే చూపించాను, ఈమె తమ్ముడి దవడ మీద మంట పెట్టే రోజుకే నాకు తెలుసు.