దుప్పటి అవతలి కొస

ఆసుపత్రులకూ హోటళ్ళకూ దుప్పట్లు ఉతికి పంపే లాండ్రీ అది. ఉతకడం యంత్రాలు చూసుకున్నా, మడతపెట్టడం మాత్రం మనుషుల పనే. చెరో కొసా పట్టుకుని, లాగి దులిపి, ఒకరికొకరు ఎదురు నడవాలి. అక్కడ పనిచేసే తోడికోడళ్ళిద్దరూ పెళ్ళిళ్ళయిన దగ్గర్నుంచీ ఒకే జట్టు. పెద్దకోడలు పోయాక, చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంటూ పనికొచ్చి దుప్పటి పట్టుకుంటే, అవతలి కొస దానంతటదే లేచింది.

"మీ అక్క వచ్చిందిలే, కానివ్వండి," అంది పని చేయించే మేస్త్రమ్మ.

ఇస్త్రీ బల్ల దగ్గరున్న అత్తగారు తలెత్తకుండానే, "బతికుండగా ఒక్కపూట సెలవు పెట్టింది కాదు, పోయాక పెడుతుందా?" అంది.

నిజమే. పెద్దకోడలికి రొమ్ములో గడ్డ. చూపించుకోవాలంటే పట్నం పోవాలి, పని మానుకోవాలి. రేపు, ఎల్లుండి అంటూనే చెయ్యి దాటిపోయింది.

ఇప్పుడు రొమ్ము పరీక్షలు చేసే బస్సు లాండ్రీ గేటు ముందుకే వస్తోంది. అయినా చిన్నకోడలు ఎక్కలేదు. "నాకేం నొప్పా, గడ్డా?" అనేది. చూస్తేనే కదా ఉన్నట్టు, చూడకపోతే లేనట్టే అని లోపల్లోపల ఓ పిచ్చి ధైర్యం.

ఈమధ్య మడత ముగిసి దగ్గరికొచ్చినప్పుడు అక్క చేతులు వెనక్కి పోవడం లేదు. తడిగుడ్డలాంటి చల్లటి వేలొకటి ఎడమ చంక కింద ఆగిపోతోంది.

"ఉండక్కా, చక్కిలిగిలి," అని నవ్వేసేది. ఇంటికెళ్ళి ఎంత వేడినీళ్ళు పోసుకున్నా ఆ ఒక్కచోటా చల్లగానే ఉండేది.

బస్సు మళ్ళీ వచ్చింది. అత్తగారు చూపించుకుని వచ్చి, "ఈ వయసులో నాకే లేని సిగ్గు నీకెందుకే?" అంది.

"పనుందత్తయ్యా."

"మాకేం రోగం! రాళ్ళలా ఉన్నాం," అని మేస్త్రమ్మ వంతపాడింది.

చిన్నకోడలు దుప్పటి తీసి దులిపింది. అవతలి కొస ఆమె వైపు రాలేదు. గుమ్మం వైపు తిరిగింది.

"అక్కా! ఎటు? నేల తగులుతుంది!"

చేతిలోది వదిలితే బురదపాలు. ఉతికిన దుప్పటిని వదిలే చెయ్యి కాదు అది. తిట్టుకుంటూనే వెంట నడిచింది. పనివాళ్ళు తలలు వంచి దుప్పటి కింద నుంచి తప్పుకున్నారు. గేటు దాటగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

"నాకు భయమేస్తోందక్కా."

దుప్పటి నిలిచింది. గాలి లేదు. అయినా అవతల గుడ్డ ఒకచోట లోపలికి పీల్చుకుని, ఆగి, బయటికి ఉబ్బుతోంది. ఎగశ్వాస. అక్క చివరి రోజు మంచం పక్కన కూర్చుని విన్న ఊపిరి అదే. చిన్నకోడలు దేవుణ్ణి తలుచుకుని బస్సెక్కింది.

"ఆ దుప్పటి బయట పెట్టమ్మా," అంది నర్సు.

"మా అక్క పట్టుకుంటుంది లెండి."

"సరే, తలుపుకి అడ్డం లేకుండా పట్టుకోమను."

ఫోటోలు తీశారు. డాక్టరమ్మ తెర మీద ఓ తెల్లటి చుక్క చూపించింది. "ఆవగింజంత. చేతికి తగలదు. ముక్క తీసి చూడాలి, పట్నంలో అన్నీ మేమే మాట్లాడతాం."

"అక్కలాగే పోతానా అమ్మా?"

"మీ అక్కది ఇంతున్నప్పుడు చూసినవాళ్ళు లేరు. నీది చూశాం. చెడ్డదే అయినా, ఇంత తొందరగా దొరికితే చాలామంది బతికి బట్టకడతారు."

చిన్నకోడలు చంక కింద తడుముకుంది. వెచ్చగా ఉంది.

"అక్కా, విన్నావా?" అంటూ మెట్లు దిగింది. అక్కడ దుప్పటి లేదు.

లాండ్రీలోంచి మేస్త్రమ్మ వస్తోంది. రెండు చేతులా దుప్పటి కొస బిగించి పట్టుకుని, మడమలు నేలకి తన్నిపెట్టి, అయినా జారుకుంటూ వస్తోంది. "నెమ్మది తల్లీ, వస్తున్నాను కదా! మాసిపోతుందే!"

చిన్నకోడలు పక్కకు తప్పుకుని దారిచ్చింది. లోపలికెళ్ళి ఇంకో దుప్పటి తీసి, అవతలి కొస లేవకపోయేసరికి దాన్ని అత్తగారి చేతికి అందించింది.