నలభై ఏడో పెట్టె బొద్దమ్మ

ముప్పై ఆరో పెట్టెలోని తడి పొట్టు దులిపేసి ఏసేపు నడుము పట్టుకుని నిలబడ్డాడు. బక్క మనిషి, వంగిన వీపు, వేళ్ల నిండా పాత పంటిగాట్లు. కర్నూలులో ఒక కాలేజీ పరిశోధనల కోసం పెంచే ఎలుకల గదిలో పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. చొక్కాకు పట్టిన వాసనకు బస్సులో పక్కన కూడా ఎవరూ కూర్చోరు.

ఈ తెల్ల ఎలుకలది పుట్టుకతోనే ఊబకాయం. ఎంత తిన్నా ఆకలి తీరదు పాపం. సగం పెట్టెలకు మామూలు మేత, సగం పెట్టెలకు ఎర్ర సంచిలోది. అందులో ఎ విటమిన్ ఎక్కువ కలుపుతారు. "అది ఒంట్లోకి పోయి, కొవ్వును దాచుకోకుండా మండించమని చెప్తుంది ఏసేపూ," అని ఆ పరిశోధన చేసే పద్మశ్రీ మేడమ్ ఒకసారి ఓపిగ్గా వివరించింది. నిజమే మరి! ఎర్ర సంచి మేత తిన్నవి ఐదు నెలల్లో సన్నబడి పెట్టెల్లో పరుగులు పెట్టసాగాయి.

నలభై ఏడో పెట్టెలోని బొద్దమ్మది మామూలు మేత. ఆ పేరు ఏసేపు పెట్టుకున్నదే. అతని చెయ్యి కనబడితే చాలు, ఆయాసపడుతూ దేక్కుంటూ వచ్చి అరచేతిలోకి ఎక్కేది. "బాగా చూసుకో. పరిశోధన అయ్యాక మిగతావాటిని కోసి కొవ్వు తూస్తాం, అదొక్కటీ నీకే," అని మేడమ్ మాటిచ్చినప్పుడు ఏసేపు పొంగిపోయాడు. తన ఇంట్లో అది హాయిగా తిరగాలని, రెండు నెలలుగా ఎవరూ చూడకుండా రోజూ గుప్పెడు ఎర్ర సంచి మేత దానికి పెట్టాడు. అదీ సన్నబడింది.

పరిశోధన ముగిసే రోజు రానే వచ్చింది. పొద్దున బయల్దేరేటప్పుడు భార్య కృపమణి బిస్కెట్ డబ్బా మూతకు మేకుతో చిల్లులు పొడిచి, లోపల పాత చీర ముక్క పరిచి ఇచ్చింది.

"నలభై ఏడును మొదట తీసుకురా," అంది మేడమ్ తూకాల కాగితం చూస్తూ. "మామూలు మేతకే ఇంత ఎట్లా తగ్గింది? కోసి చూడాలి."

ఏసేపు పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. "అది నాకిస్తామంటిరి కదా మేడమ్! తప్పు నాదే. ఎర్ర సంచి మేత నేనే పెట్టినా దానికి. నా పని తీసేసినా సరే, దాన్ని ఇడిసిపెట్టండి."

మేడమ్ కోప్పడలేదు. "అయితే దాని తూకం పరిశోధన లెక్కలోకే రాదు. అయినా చంపాల్సిందే, బయటికి పంపకూడదు. ఇంటికిచ్చే రూలు ఎప్పుడూ లేదు ఏసేపూ. నువ్వు శ్రద్ధగా చూసుకుంటావని అట్లా అన్నాను."

"ఊరికే అన్న్యారా?"

ఆమె తూకాల కాగితం మడిచింది. పంతొమ్మిదేళ్లలో ఏసేపు ఆశపడింది ఒక్కదానికే, అందులోనూ మోసమే.

"నమ్మితిని మేడమ్," అన్నాడు. "శానా నమ్మితిని."

పెట్టె తెరిచాడు. భయపడి మూలకు నక్కినా బాగుండేది. బొద్దమ్మ ఉరుక్కుంటూ వచ్చి ఎప్పటిలాగే అరచేతిలోకి ఎక్కింది. ఇప్పుడెంత తేలికో!

"పోదాం దామ్మా," అన్నాడు. దాన్ని తనే కోత బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. నలభై ఏడో పెట్టెను కడిగి బోర్లించి, గది తాళం చెవులు మేడమ్ బల్ల మీద పెట్టి, ఏసేపు వట్టి చేతులతో బస్టాండు దారి పట్టాడు.

ఎలుకల గది కిటికీ గట్టు మీద బిస్కెట్ డబ్బా అట్లాగే ఉంది, మూతకు చిల్లులతో, లోపల మడత చెదరని చీర ముక్కతో.