మాలకొండమ్మ చట్టి

మద్రాసుకి రైల్వే పాసు దొరికినప్పుడల్లా వెంకటశేషమ్మ ఏదో ఒక వస్తువు తెచ్చుకునేది. బిట్రగుంట కాలనీలో ఆమె వంటింటికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగి స్టీలు డబ్బాల వరస చూసేవాళ్ళు. ముందుగదిలో రేడియో, దానిమీద తను అల్లిన లేసు గుడ్డ. ఆమె భర్త హజరత్తయ్య లోకోషెడ్డులో గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి కాఫీ తాగి, ఆ రేడియో వైపు చూడనైనా చూడకుండా సైకిలెక్కి బోగోలు పోయేవాడు, అన్న ఇంటికి.

"రోజూ ఏముందని పోతారక్కడికి?"

"ఏమీ లేదు. పోయి ఊరకే కూర్చుంటాను. ప్రాణానికి హాయిగా ఉంటుంది."

ఏమీ లేదన్నది నిజమే. ఆమె తోటికోడలు మాలకొండమ్మ పెంచలకోన నరసింహస్వామి దర్శనానికి పోయి వచ్చిన ఏడాది పట్టుచీరలు, ఇత్తడి బిందెలు, అద్దాల బీరువా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇచ్చేసింది. దీక్ష పట్టలేదు, చేపలు మానలేదు, ఎవరికీ నీతులు చెప్పలేదు. ఎందుకిట్లా చేసినావని అడిగితే "చాల్లే అనిపించింది" అనేది. పొద్దుగూకినాక దీపం పెట్టి చాపమీద మాటా పలుకూ లేకుండా కూర్చునేది. వీధిలో ఆడవాళ్ళు వచ్చి పక్కన చేరేవాళ్ళు.

ఆ చీరల్లో మంచిది, నెమలికంఠం రంగు వెంకటగిరి పట్టు, శేషమ్మకే వచ్చింది. కాలనీలో పెళ్ళికి కట్టుకుంది. చూసిన ప్రతి మనిషీ "మాలకొండమ్మ ఇచ్చిందే కదూ, ఎంత మనసమ్మా ఆమెది" అన్నారు. ఇంటికొచ్చి ఆ చీరని మడత కూడా పెట్టకుండా ట్రంకులో అడుగున తోసింది.

ఇచ్చెయ్యడం అంత గొప్పపనా? తనకి చేతకాదా? రేడియో మీద దుప్పటి కప్పేసింది. నెల్లూరు పోయి సన్నరకం ఖద్దరు చీర కొన్నది, ఖరీదులో పట్టుచీరకి తీసిపోలేదు. కోరచాప కొన్నది. మాలకొండమ్మ చేపల పులుసు పెట్టేలాంటి మట్టిచట్టి కొన్నది. ఆదివారం మధ్యాహ్నానికి బావగారినీ అక్కనీ భోజనానికి పిలిచింది. తన ఇంట్లో కూడా హజరత్తయ్య ఊరకే కూర్చోవాలి. ఆమెకి కావలసింది అదొక్కటే.

కొత్త చట్టిని గంజిపోసి నానబెట్టాలని, కొన్నాళ్ళు సన్నసెగన పదును చెయ్యాలని ఆమెకి తెలుసు. కాని పిలుపు అయిపోయింది, ఆదివారం వచ్చేసింది. కడిగి తుడిచి వంజరం చేపముక్కలు, చింతపండు పులుసు పోసి పంపు స్టవ్వు మీద పెట్టింది. పులుసు ఉడుకు పట్టేసరికి టప్పుమని చట్టి అడుగు ఊడింది.

చప్పుడుకి హజరత్తయ్య తొంగిచూశాడు. "చేపలు స్టవ్వుకి వడ్డించినావే. మాకేమన్నా మిగిల్చినావా?"

బావగారు రంగనాయకులు ముందుగదిలో దగ్గుతున్నట్టు నవ్వాడు. మాలకొండమ్మ నవ్వలేదు. కొంగు బిగించి వచ్చి, నేల తుడిచి, అటకమీది మామిడికాయ ఊరగాయ దింపి, పప్పు తాళింపు పెట్టింది. అందరికీ తనే వడ్డించింది. ఆ వడ్డించడమే శేషమ్మకి కారం రాసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే బోగోలు పోయింది. మాలకొండమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఆమె పక్కనే ఆ చట్టి, నల్లగా, నూనె తాగి నిగనిగలాడుతూ.

"అక్కా, అన్నీ అందరికీ ఇచ్చినావు కదా. ఆ చట్టి నాకియ్యకూడదా?"

మాలకొండమ్మ చెయ్యి చట్టి అంచుమీదికి పోయింది. అక్కడే ఆగింది.

"అది మా అమ్మ వాడింది శేషూ. అది తప్ప ఏదన్నా అడుగు."

"ఇంకేముందక్కా నీ దగ్గర అడగడానికి?" అని నవ్వింది శేషమ్మ. తిరిగి వచ్చేటప్పుడు రైలుకట్ట పక్కన ఆమె అడుగులు తేలిగ్గా పడ్డాయి. అక్కకీ వదలలేనిది ఒకటుంది. ఆమె కూడా పట్టుకునే ఉంది. ఇంటికి రాగానే రేడియో మీద దుప్పటి తీసి, పాటలు పెట్టి, శబ్దం కాస్త పెంచింది.

ఆ మరునాడు తలుపు తట్టిన చప్పుడయింది. మాలకొండమ్మ. చంకలో పాత గుడ్డ చుట్టిన చట్టి.

"తీసుకో. ఇది నన్ను ఇంతగా పట్టుకొనుందని నువ్వు అడిగేదాకా నాకే తెలీలా. రాత్రి పడుకుంటే కూడా అదే ధ్యాస. మంచిపని చేసినావు శేషూ."

"వద్దులే అక్కా, ఊరకే అన్నాను."

"ఊరకే అన్నా అడిగినావు కదా. సన్నసెగ మీద పెట్టు, మాడనీకు."

కూర్చోమన్నా కూర్చోలేదు. చేతులు ఊపుకుంటూ చిన్నపిల్లలాగా నడిచి వెళ్ళిపోయింది.

శేషమ్మ ఆరోజే చేపలు కొని పులుసు పెట్టింది. హజరత్తయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "అచ్చం వదిన చేసినట్టే ఉంది." రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఆమె వడ్డిస్తూ ఆయన ముఖమే చూసింది.

సాయంత్రం కాఫీ తాగి ఆయన సైకిలు బయటికి తీశాడు.

"ఇవాళ కూడానా?"

"చీకటి పడకముందే వచ్చేస్తాలే."

సైకిలు గంట బోగోలు పోయే వీధి మలుపులో వినిపించింది. శేషమ్మ వంటింట్లోకి పోయింది. స్టీలు గిన్నెల మధ్య ఆ చట్టి నల్లగా కూర్చుని ఉంది. ఇప్పుడు మాలకొండమ్మ దగ్గర ఇది కూడా లేదు.